మూడో తీగ ఒక్కటి మార్చి చూడండి
మా ఫ్లమెంకో గిటార్‌లో (స్పెయిన్ ఫ్లమెంకో సంగీతానికి వాడే నైలాన్ తీగల గిటార్) మూడో తీగ, అదే జి స్వరం పలికేది, ఎంత గట్టిగా మీటినా అట్టపెట్టె మీద కొట్టినట్టు మొద్దుగా పలికేది. సెట్ మొత్తం మార్చబోయి ఆగాను. ఆ ఒక్కదానికే కార్బన్ తీగ (ఫ్లోరోకార్బన్ అనే ప్లాస్టిక్‌ది) వేశా. నైలాన్ జి లావు సుమారు 1 మి.మీ.; నేను వేసిన కార్బన్‌ది 0.84. సన్నబడేసరికి గొంతు విచ్చుకుంది. నున్నటి తీగ, జారిపోతుంది. బ్రిడ్జ్ (గిటార్ పెట్టె మీద తీగలు కట్టే పట్టీ) దగ్గర మూడు చుట్లు తిప్పి, కొసన చిన్న ముడి వేయండి. రెండు మూడు రోజులు శ్రుతి దిగుతూనే ఉంటుంది, చెన్నై ఉక్కలో మరీనూ.

నట్ (మెడ పైకొసన తీగలు ఆనే గాళ్ల పట్టీ) గాడి అరిగి వెడల్పయి ఉంటే మాత్రం సన్న తీగ అందులో కదిలి జుయ్యిమంటుంది. అప్పుడు ముందు నట్ సంగతి చూడాలి.