కొత్త నీటి ఛార్జీలపై అభ్యంతరం రాయడం ఎలా?

ముందు అభ్యంతరాల గడువు చూడండి. వాదన ఎంత గట్టిదైనా గడువు దాటితే చెత్తబుట్టకే.

తర్వాత లెక్క. వారం పాటు రోజూ ఒకే వేళకు మీటరు రీడింగ్ రాసుకోండి. కిలోలీటరంటే 1,000 లీటర్లు. రోజుకు 500 లీటర్లు వాడే ఇంటికి 30 రోజుల్లో 15 కిలోలీటర్లు. పాత రేటుతో, కొత్త రేటుతో గుణించి తేడా చూపండి. ఎంత వాడినా మారని స్థిర రుసుమును విడిగా రాయండి, పొదుపుగా వాడేవాళ్లకు లీటరు లెక్కన ఎక్కువ పడేది దానివల్లే. కుళాయిలన్నీ కట్టేసినా మీటరు తిరుగుతోందా? ముందు లీకు బాగుచేయించండి, లేదంటే మీ అంకెలే మీకు అడ్డం తిరుగుతాయి.

అసలు పట్టు సంప్రదింపుల దగ్గరుంది, అంటే కొత్త ఛార్జీలపై జనం అభిప్రాయం అడిగిన తీరు దగ్గర. అందుకోసం పెట్టిన సభ గురించి ఎన్ని రోజుల ముందు చెప్పారు? ఖర్చుల లెక్కలు, పైపుల్లో వృథా అయ్యే నీటి వివరాలు ముందే బయటపెట్టారా? లేదంటే తేదీలతో సహా రాయండి. "రేటు ఎక్కువ" అనడం కంటే "లెక్క చూపకుండానే అభిప్రాయం అడిగారు" అన్నది తోసిపుచ్చడం కష్టం.

సంతకాల కాగితంలో ప్రతి పేజీ పైనా డిమాండ్ పూర్తిగా ఉండాలి, లేకపోతే ఆ సంతకాలు దేనికోసమో తేలదు. రెండు ప్రతులు తీసుకెళ్లి ఒకదానిపై తేదీతో ముద్ర వేయించుకోండి. ఈలోగా బిల్లు ఆపొద్దు. "అభ్యంతరంతో చెల్లిస్తున్నాను" అని రాసిచ్చి కట్టండి. కనెక్షన్ తెగిందంటే గొడవంతా బకాయి మీదికి మళ్లుతుంది.