ఎన్‌ఎఫ్‌ఎల్ రోస్టర్‌లో చివరి సీట్లు: మీ అంచనా ఎక్కడ తప్పుతోంది?

ఇది ఎన్‌ఎఫ్‌ఎల్ (అమెరికా ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ లీగ్) చూడటం అలవాటై, డెప్త్ చార్ట్ (ఏ స్థానంలో ఎవరు ముందు, ఎవరు వెనక అనే జాబితా), శాలరీ క్యాప్ (జట్టు మొత్తం జీతాల మీద పరిమితి) అంటే ఏమిటో తెలిసినవాళ్ల కోసం. మార్చి నెలలో ఫ్రీ ఏజెంట్ల (ఏ జట్టుతోనూ ఒప్పందం లేని ఆటగాళ్ల) హడావిడి సద్దుమణిగాక చిన్న చిన్న పేర్లతో వచ్చే సంతకాల సంగతే ఇక్కడ మాట్లాడుకుంటున్నాం. వేసవిలో జట్టులో 90 మంది ఉంటారు. ఆగస్టు చివరికి 53 మందే మిగలాలి. ఆ గీతకి అటూ ఇటూ ఊగే పది పన్నెండు మంది విషయంలోనే లెక్కలు తప్పుతాయి. టెక్సస్‌లో ఫ్రిస్కో, ప్లేనో చుట్టుపక్కల మనవాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఏటా ఇదే తంతు. మే నెలలో "సూపర్ సైనింగ్ రా!" అంటారు, ఆగస్టు కటింగ్ రోజున "వీళ్లకి బుద్ధి లేదు" అంటారు. జట్టు తన పద్ధతిలోనే నడిచింది, చూడాల్సింది మనమే చూడలేదు.

సమస్య 1: సంతకం వార్త రాగానే అతన్ని మూడో రిసీవర్‌గా (పాస్‌లు పట్టేవాడిగా) రాసేసుకున్నారు. ఆగస్టుకి అతను జట్టులోనే లేడు.

కారణం: గ్యారంటీ (తీసేసినా ఇవ్వాల్సిన డబ్బు) ఎంతో చూడలేదు. అంతే. ఎన్నిసార్లు చెప్పినా ఇది చూడకుండానే వాదనకి దిగుతారు. వార్తలో వేసే మొత్తంలో ఇన్సెంటివ్‌లు కూడా కలిసి ఉంటాయి. అది పక్కన పెట్టండి. ఆగస్టులో తీసేస్తే జట్టుకి ఎంత నష్టమో అదొక్కటే లెక్క.

2025లో ఏడేళ్లు, ఆ పైన అనుభవం ఉన్న ఆటగాడికి కనీస జీతం 12.55 లక్షల డాలర్లు. సీనియర్లకున్న ప్రత్యేక నిబంధన కింద అతను ఒక్క ఏడాదికి కనీస జీతంతో సంతకం చేస్తే క్యాప్‌లో పడేది 10.3 లక్షలే, అంటే రెండేళ్ల అనుభవం ఉన్న కుర్రాడికి పడేంత. దానికి తోడు సీజన్ మొదలయ్యేదాకా అందరికన్నా ఎక్కువ క్యాప్ ఉన్న 51 మందినే లెక్కేస్తారు. కొత్తవాడు ఆ జాబితాలోకి వస్తే కిందివాడు ఒకడు బయటికి పోతాడు కాబట్టి నికరంగా పెరిగేది అంతంతే. ఇంత చవగ్గా దొరికే సంతకాన్ని నమ్మకానికి గుర్తు అనుకోకండి.

పరిష్కారం: ఓవర్ ద క్యాప్, స్పోట్రాక్ లాంటి కాంట్రాక్టుల వెబ్‌సైట్లలో గ్యారంటీ చూడండి. సున్నా అయితే అది ట్రయల్. కొద్ది వేలు ఉంటే క్యాంపుకి పిలుపు. జీతంలో ఎక్కువ భాగం గ్యారంటీ అయితే సీటు దాదాపు ఖాయం. ఇది చూశాకే మిగతాది చదవండి.

సమస్య 2: గ్యారంటీ చూశారు, ఫరవాలేదు. ప్రీసీజన్‌లో కుర్రాడు అదరగొట్టాడు, రెండు టచ్‌డౌన్‌లు కూడా వేశాడు. అయినా తీసేశారు. అతనికన్నా చేతులు బాగాలేని మరో రిసీవర్‌ని ఉంచుకున్నారు.

కారణం: స్పెషల్ టీమ్స్, అంటే బంతిని తన్నే ఆటల్లో దిగే యూనిట్లు. "అది మాకు తెలుసు" అంటారు చాలామంది. తెలిసినా అందరూ బోల్తా పడేది ఇక్కడే.

53 మంది ఉన్నా మ్యాచ్ రోజు బట్టలు వేసుకునేది 48 మంది, అదీ వాళ్లలో కనీసం ఎనిమిది మంది అఫెన్సివ్ లైన్‌మెన్ ఉంటేనే. అయిదో రిసీవర్, నాలుగో కార్నర్‌బ్యాక్, మూడో రన్నింగ్ బ్యాక్ లాంటివాళ్లకి అసలు ఆటలో వచ్చే స్నాప్‌లు (ఒక్కో స్నాప్ అంటే ఒక్కో ప్లే) చాలా తక్కువ. కిక్కింగ్ ఆటలు మాత్రం మ్యాచ్‌కి సుమారు పాతిక ఉంటాయి. అవి ఆడనివాడికి ఆ సీటు ఇస్తే కోచ్ ఒక మనిషిని ఊరికే కూర్చోబెట్టినట్టే. మాథ్యూ స్లేటర్ 2008లో రిసీవర్‌గా పేట్రియట్స్‌కి వచ్చి, కెరీర్ మొత్తంలో ఒక్క క్యాచ్ పట్టి, 10 సార్లు ప్రో బౌల్‌కి (ఆల్‌స్టార్ జట్టుకి) ఎంపికయ్యాడు. రన్నింగ్ బ్యాక్ రహీమ్ మోస్టర్ట్‌ని ఆరు జట్లు వదిలేశాక 2016 నవంబర్‌లో ఫార్టీనైనర్స్ తీసుకుంది. మొదటి రెండేళ్లు అతన్ని నిలబెట్టింది కిక్ కవరేజీయే (తన్నిన బంతిని పట్టుకున్నవాడిని ఆపే పని). అక్కడ అలా ఉండగలిగాడు కాబట్టే 2020 జనవరిలో గ్రీన్ బే మీద 220 గజాలు, నాలుగు టచ్‌డౌన్‌లు కొట్టే అవకాశం దొరికింది.

ఇక మోసం చేసేది ఎక్కడంటే, జనం ప్రో ఫుట్‌బాల్ రిఫరెన్స్ వెబ్‌సైట్ తెరిచి, స్నాప్‌ల పట్టికలో "స్పెషల్ టీమ్స్ 40 శాతం" అని చూసి, హమ్మయ్య అనుకుని మూసేస్తారు. ఆ 40 శాతం ఏ యూనిట్లలో వచ్చిందో పట్టికలో ఉండదు. కిక్కాఫ్ (ఆట మొదలుపెట్టే తన్ను), కిక్కాఫ్ రిటర్న్ (దాన్ని పట్టుకుని ఎదురు పరుగెత్తడం), పంట్ (బంతిని ఎదుటి జట్టుకి వదిలేస్తూ దూరంగా తన్నడం), పంట్ రిటర్న్, ఫీల్డ్ గోల్, దాన్ని అడ్డుకునే యూనిట్ కలిపి ఆరు. ఇవన్నీ ఒకే గాటన కట్టేవి కావు. లైన్‌మన్‌కి కనిపించే శాతం చాలావరకు ఫీల్డ్ గోల్ దగ్గర కదలకుండా నిలబడినదే. అది చేయడానికి జట్టులో ఇంకో పదిమంది ఉన్నారు, దానికోసం ఎవరికీ సీటు ఇవ్వరు. పంట్‌లో చివర నిలబడి, బంతి పట్టేవాడి మీదికి ముందుగా దూసుకెళ్లే గన్నర్ పని అలా కాదు, అది చేతనైనవాళ్లు జట్టుకి ఇద్దరో ముగ్గురో ఉంటారు.

దీనికి తోడు 2024లో కిక్కాఫ్ రూలే మారిపోయింది. కవరేజీ జట్టులో పదిమంది ఇప్పుడు ఎదుటి జట్టు 40 గజాల గీత దగ్గరే నిలబడతారు. బంతి నేలకో ఆటగాడికో తగిలేదాకా కదలకూడదు. ఎదురుగా అయిదారు గజాల దూరంలోనే బ్లాకర్లు. యాభై గజాలు పరుగెత్తుకొచ్చే వేగంతో ఇప్పుడు పెద్దగా పనిలేదు. బ్లాక్‌ని విదిలించుకుని ఇరుకులో టాకిల్ చేసే బలం కావాలి. పాత రూల్ కింద, 2023లో, కిక్కాఫ్‌లలో రిటర్న్ అయినవి అయిదో వంతు చిల్లరే, మిగతావాటిలో కవరేజీ వాళ్లు ఉత్తినే పరుగెత్తి వెనక్కి వచ్చేవాళ్లు. 2024లో అది మూడో వంతు దగ్గరికి వచ్చింది. 2025లో టచ్‌బ్యాక్‌ని (రిటర్న్ లేనప్పుడు బంతిని ఉంచే చోటుని) 35 గజాల గీతకి మార్చాక రిటర్న్‌లు ఇంకా పెరిగాయి. అందుకే 2023 నాటి కిక్కాఫ్ స్నాప్‌లు చూపించి "కుర్రాడు స్పెషల్ టీమ్స్‌లో గట్టివాడు" అంటే నేను నమ్మను. సన్నగా ఉండి వేగంగా పరుగెత్తే రిసీవర్ చేసిన ఆ పని ఇప్పుడు లైన్‌బ్యాకర్‌కో, సేఫ్టీకో, టైట్ ఎండ్‌కో పోయి ఉండొచ్చు. పంట్ మాత్రం మారలేదు. చివరి ఇద్దరూ స్నాప్ పడగానే బయల్దేరొచ్చు, మిగతావాళ్లు బంతిని తన్నేదాకా ఆగాలి. కాబట్టి పాత పంట్ అనుభవం ఇప్పటికీ చెల్లుతుంది.

పరిష్కారం: మొదటి ప్రీసీజన్ మ్యాచ్‌లో మొదటి క్వార్టర్ పెట్టండి. టచ్‌డౌన్‌ల క్లిప్‌లు తర్వాత చూసుకోవచ్చు. మొదటి పంట్ వచ్చినప్పుడు రెండు చివర్లలో ఎవరున్నారు? పంటర్ ముందు నిలబడి అటూ ఇటూ చూసి కేకలేస్తూ అందర్నీ సర్దేది ఎవరు? మొదటి కిక్కాఫ్‌లో ఆ పదిమంది ఎవరు? ఒక కాగితం మీద నంబర్లు రాసుకోండి. టీవీ వాళ్లు సరిగ్గా ఆ టైమ్‌కే సైడ్‌లైన్‌లో కోచ్ మొహం చూపిస్తారు కాబట్టి రీప్లే వెనక్కి తిప్పాల్సి రావచ్చు. మీవాడి నంబర్ మొదటి క్వార్టర్‌లోనే రెండు యూనిట్లలో కనిపిస్తే ధైర్యంగా ఉండొచ్చు. నాలుగో క్వార్టర్‌లో మాత్రమే కనిపిస్తే ఎన్ని టచ్‌డౌన్‌లు వేసినా టెన్షన్ పడాల్సిందే. అప్పుడు అవతల ఆడేవాళ్లలో సగానికి పైగా మరి కొద్ది రోజుల్లో ఉద్యోగం పోయేవాళ్లు. రెండో మ్యాచ్‌కి ఆ కాగితం మళ్లీ తీయండి. నంబర్ ఏ యూనిట్ నుంచి ఎందులోకి మారిందో చూస్తే కోచ్ మనసులో ఏముందో చాలావరకు తెలిసిపోతుంది.

రిటర్నర్లకి ఇదంతా వర్తించదు. వాళ్ల పోటీ వేరే, ఆ సీట్లు ఒకటో రెండో.

సమస్య 3: ఖాయం అనుకున్న సీనియర్‌ని కటింగ్ రోజున తీసేశారు.

కారణం: చాలాసార్లు అది ఉత్తుత్తి తీసివేత. నాలుగు సీజన్‌లు పూర్తయినవాడు ఆగస్టులో వేవర్స్‌కి (వదిలేసిన ఆటగాడిని వేరే జట్లు తీసుకునే జాబితాకి) వెళ్లడు, నేరుగా ఫ్రీ ఏజెంట్ అవుతాడు. కుర్రాడిని వదిలితే వేరే జట్టు ఎగరేసుకుపోతుంది. సీనియర్‌తో ముందే మాట అనుకుని రెండు రోజులు బయట ఉంచొచ్చు. ఈలోగా గాయపడిన ఒకరిని ఇంజ్యూర్డ్ రిజర్వ్‌కి పంపితే సీటు ఖాళీ అవుతుంది. ఇంకో సంగతి, మొదటి వారం మ్యాచ్ నాటికి సీనియర్ జట్టులో ఉంటే తర్వాత తీసేసినా అతను ఏడాది జీతం అడగొచ్చు. అందుకే కొందరిని రెండో వారంలో పిలుస్తారు.

పరిష్కారం: 48 గంటలు నోరు కట్టుకోండి. ప్రాక్టీస్ స్క్వాడ్ (53కి బయట ప్రాక్టీస్‌కి ఉంచుకునేవాళ్లు) 16 మంది పేర్లు కూడా వచ్చాక లెక్క వేయండి. వాళ్లలో ఆరుగురి వరకు ఎంత అనుభవం ఉన్నవాళ్లైనా ఉండొచ్చు. ఒక్కొక్కరిని సీజన్‌లో మూడు మ్యాచ్‌లకి పైకి తీసుకోవచ్చు. కాబట్టి 53లో లేకపోయినంత మాత్రాన పని అయిపోయినట్టు కాదు.

మిగతావి: "పాత కోచ్ ఇక్కడే ఉన్నాడు కదా" అంటే ప్లేబుక్ తెలుసు కాబట్టి క్యాంపుకి పిలుపు వస్తుంది, సీటు రాదు. సస్పెన్షన్, మెడికల్ టెస్ట్‌లో తప్పడం, ఉన్నట్టుండి రిటైర్ అవడం అరుదు. అవి జరిగితే జట్టు ప్రకటనలోనే తెలుస్తుంది, మీరు ప్రత్యేకంగా వెతకక్కర్లేదు.