మడత పట్టీల గ్రీటింగ్ కార్డు: సమస్య ఎక్కడ, సరిచేయడం ఎలా

కావలిలో మా ఇంట్లో డిసెంబరు వచ్చిందంటే సంక్రాంతి కార్డుల పని మొదలవుతుంది. అట్టలో గాలిపటం ఆకారంలో కిటికీ కోసి, వెనక నుంచి మడత పెట్టిన రంగు పట్టీలు ఒకదాని మీద ఒకటి పేర్చుకుంటూ పోతే, ముందు వైపు కెమెరా కన్ను మూసుకుంటున్నట్టు సుడి తిరుగుతుంది. అందుకే దీన్ని ఐరిస్ ఫోల్డింగ్ అంటారు. ఇది నెదర్లాండ్స్ నుంచి వచ్చిన పని. అక్కడ ఉత్తరాల కవర్ల లోపలి డిజైన్ కాగితాన్ని పట్టీలకు వాడేవాళ్లు. మనకు గిఫ్ట్ కాగితాలు, పాత శుభలేఖల లోపలి పలచటి కాగితాలు ఉండనే ఉన్నాయి. పసుపు రాసిన మూలలు మాత్రం కత్తిరించేయండి, ఆ మరక పక్క పట్టీలకు అంటుతుంది.

ఈ పనిలో చేతులు వెనక వైపు ఉంటాయి, తప్పు ముందు వైపు పడుతుంది. అందుకని నంబర్లు వేసిన నమూనా కాగితాన్ని బల్లకు అంటించి, కార్డును దాని మీద బోర్లా పెట్టి, ఒక్క పక్కనే మాస్కింగ్ టేపు వేయండి. అప్పుడు కార్డును తలుపులా ఎత్తి ఎప్పటికప్పుడు ముందు వైపు చూసుకోవచ్చు.

పట్టీల మధ్య సందులు కనిపిస్తున్నాయి

ఎక్కువమంది ఇక్కడే విసిగిపోయి కార్డు పక్కన పడేస్తారు. దీనికి మూడు కారణాలు ఉండొచ్చు. ముందుగా కార్డును ఎత్తి ఇంటి కిటికీ వెలుతురుకు పెట్టి చూడండి. సందు మూలల్లోనే ఉంటే పట్టీ పొడవు చాలలేదన్నమాట. కిటికీ అంచు దాటి రెండు వైపులా ఒక సెంటీమీటరైనా మిగలాలి. సందు పట్టీ పొడవునా ఉంటే వెడల్పు చాలలేదు. 2 సెంటీమీటర్ల పట్టీని నిలువునా సగానికి మడిస్తే వచ్చే ఒక సెంటీమీటరు చిన్న నమూనాలకు సరిపోతుంది. సందు ఒక పక్క సన్నగా, ఇంకో పక్క వెడల్పుగా ఉంటే నమూనా జరిగింది. ఇక ఆ పట్టీ దగ్గర అతుకులు వేయకండి. చివరి రెండు మూడు పట్టీలు మెల్లగా ఊడదీసి, నమూనా సరిచేసి, మళ్లీ వేయండి. మొదటి చుట్టులో అరమిల్లీమీటరు తేడా వస్తే, అయిదో చుట్టుకు అది కంటికి కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

సుడి తిరగడం లేదు, గజిబిజిగా ఉంది

నంబరు తప్పింది, లేదా మడత అంచు బయటికి తిరిగింది. మడత ఎప్పుడూ కిటికీ మధ్య వైపే ఉండాలి, గీత మీద సరిగ్గా కూర్చోవాలి. గాలిపటానికి నాలుగు పక్కలు, నాలుగు రంగులు: 1, 2, 3, 4 వేశాక 5 మళ్లీ మొదటి పక్కకే, అదే రంగులో. పట్టీలను ముందే రంగుల వారీగా నాలుగు కుప్పలుగా పెట్టుకుంటే పిల్లలు కూడా తడబడరు.

కార్డు ఉబ్బి, మూసుకోవడం లేదు

కాగితం మందం ఎక్కువైంది. శుభలేఖ పై అట్టను పట్టీలుగా కోయడం ఆశ కొద్దీ చేసే పనే. మెరుపు బాగుంటుంది, కానీ మడత పెట్టగానే మందం రెండింతలై, మూలల్లో పొరలన్నీ ఒకేచోట చేరతాయి. మామూలు జిరాక్స్ కాగితం మందం చాలు. మెరుపు కావాలంటే ఒక్క రంగుకే వాడండి. ఇప్పటికే ఉబ్బిపోతే వెనక పట్టీల కొసలను ఒకే గీతలో కాకుండా ఎగుడుదిగుడుగా కత్తిరించి, రాత్రంతా పుస్తకాల కింద పెట్టండి.

కార్డు అలలు తిరిగింది

మన నెల్లూరు వైపు వానలు ఎక్కువగా అక్టోబరు నుంచి డిసెంబరు దాకానే. సరిగ్గా ఈ కార్డులు చేసే రోజులు. గాలిలో తేమకు తోడు నీళ్ల గమ్ రాస్తే కాగితం తడి పీల్చుకుని వంకర్లు పోతుంది. పట్టీ కొసలకు సెల్లో టేపు, కార్డు మీద అంటించడానికి డబుల్ సైడ్ టేపు వాడండి. కాగితాలు ప్లాస్టిక్ కవర్లో మూసి ఉంచండి. అలలు పడిన కార్డు ఇస్త్రీ చేస్తే టేపు కరుగుతుంది, ఆ పని వద్దు.

మడత మీద తెల్ల గీత

పై రంగు పొర పగిలింది. కాగితాన్ని అటూ ఇటూ వంచి చూసి, సులువుగా వంగే దిశలోనే పట్టీలు కోయండి. గోరుతో గట్టిగా రుద్దకండి.

టేపు నమూనాకు అంటుకుని చిరుగుతోంది

టేపు కార్డు అట్ట మీద, పాత పట్టీల మీద మాత్రమే పడాలి. కిటికీలోకి రాకూడదు.

చిలక అటు తిరిగింది

వెనక నుంచి చేస్తాం కాబట్టి బొమ్మ తారుమారవుతుంది. గాలిపటానికి ఇబ్బంది లేదు. చిలకకు, అక్షరాలకు నమూనాను ముందే తిప్పి గీసుకోండి.

మధ్యలో మిగిలే చిన్న కంతను మెరుపు కాగితం ముక్కతో మూయండి. అది అంటించే ముందు మాత్రం కార్డును ఒక్కసారి ఎత్తి చూడండి, ఆ తర్వాత ఊడదీయడం కష్టం.