ముల్లు తిప్పి వినే రేడియో, మన చేత్తో ప్రింట్ చేసిన పెట్టెలో

పాతకాలం తరహా రేడియో చేయాలనుకున్నప్పుడు చేతులు ముందు పెట్టె మీదికే పోతాయి. నేనూ అదే చేశాను. పార్టులు చేతికి రాకముందే బొమ్మలో ఉన్న కొలతలు నమ్మి రాత్రంతా 3డీ ప్రింటర్‌లో ప్రింట్ పెట్టాను. తీరా చూస్తే బ్యాటరీ హోల్డర్ నుంచి వైర్లు బయటికొచ్చే చోటు లెక్కలోనే లేదు, వెనక మూత పడలేదు, మొత్తం మళ్లీ ప్రింట్ చేయాల్సి వచ్చింది. కాబట్టి ముందు బల్ల మీద రేడియో మోగాలి, ఆ తర్వాతే పెట్టె.

లోపలికి పెద్దగా సరంజామా అక్కర్లేదు. ఆర్‌డీఏ5807ఎం ఎఫ్‌ఎం మాడ్యూల్, పీఏఎం8403 యాంప్లిఫయర్, 3 అంగుళాల 4 ఓమ్‌ల స్పీకర్, మళ్లీ మళ్లీ ఛార్జ్ చేసుకునే 18650 లిథియం సెల్ ఒకటి, దానికి ప్రొటెక్షన్ ఉన్న టీపీ4056 ఛార్జింగ్ బోర్డు, మనం రాసిన కోడ్‌ని నడిపే చిన్న బోర్డు 3.3 వోల్టుల ఆర్డుయినో ప్రో మినీ, 10కే పొటెన్షియోమీటర్లు (కాడ తిప్పితే రెసిస్టెన్స్ మారే పార్టులు) రెండు. ఆర్డుయినో 3.3 వోల్టులదే ఉండాలని గట్టిగా చెప్పడానికి కారణముంది: ఆ ఎఫ్‌ఎం చిప్ తట్టుకునేది 3.3 వోల్టుల దాకానే, 5 వోల్టులిస్తే పోతుంది. సెల్‌కి నేరుగా సోల్డరింగ్ చేయకండి, ఆ వేడికి సెల్ పాడవుతుంది, హోల్డర్ వాడండి. ఛార్జింగ్ పెట్టినప్పుడు రేడియో ఆపేయండి, లేకపోతే సెల్ ఎప్పుడు నిండిందో ఛార్జింగ్ బోర్డుకి సరిగ్గా తెలియదు.

ఇక అసలు సంగతి ట్యూనింగ్. బటన్ నొక్కితే స్టేషన్ మారే రేడియో ఎంత అందమైన పెట్టెలో పెట్టినా పాత రేడియో అనిపించదు. నాబ్ తిప్పుతుంటే ముల్లు మెల్లగా జరగాలి, గరగరలోంచి గొంతు పైకి తేలాలి. ఈ చిప్ డిజిటల్‌ది కాబట్టి ఆ అనుభూతిని మనమే కోడ్‌లో తెచ్చుకోవాలి. పొటెన్షియోమీటర్ రెండు చివర్లను 3.3 వోల్టులకీ గ్రౌండ్‌కీ కలిపి, మధ్య కాలిని ఆర్డుయినో అనలాగ్ పిన్‌కి ఇవ్వండి. 0 నుంచి 1023 దాకా వచ్చే రీడింగ్‌ని 87.5 నుంచి 108 మెగాహెర్ట్జ్‌కి సర్దితే ఒక్కో 0.1 మెగాహెర్ట్జ్‌కి దాదాపు 5 అంకెలు వస్తాయి. చిక్కంతా ఇక్కడే: మీరు నాబ్ ముట్టుకోకపోయినా రీడింగ్ ఒకటి రెండు అంకెలు వణుకుతూనే ఉంటుంది, సరిగ్గా అంచు మీద ఆగితే స్టేషన్ 98.3కీ 98.4కీ మధ్య గెంతుతుంది, పాట ముక్కలవుతుంది. 16 రీడింగుల సగటు తీసుకుని, చివరిసారి ఒప్పుకున్న విలువ నుంచి కనీసం 3 అంకెలు జరిగితేనే ఫ్రీక్వెన్సీ మార్చమని రాయండి. వణుకు ఆగిపోతుంది, చేతికి మాత్రం అలాగే సాఫీగా తిరుగుతుంది.

రెండో పొటెన్షియోమీటర్ వాల్యూమ్‌కి. దానికి లాగ్ రకం తీసుకుంటే శబ్దం చెవికి సమానంగా పెరుగుతుంది, ట్యూనింగ్‌కి మాత్రం లీనియర్. ఒకే స్పీకర్ కాబట్టి చిప్‌ని మోనోలో పెట్టండి, బలహీనమైన స్టేషన్లలో సొద కూడా తగ్గుతుంది. స్పీకర్ మైనస్ వైరుని గ్రౌండ్‌కి కలపకూడదు, పీఏఎం8403 రెండు వైర్లలోకీ సిగ్నల్ పంపుతుంది. ఇది వేగంగా ఆన్-ఆఫ్ అవుతూ పనిచేసే స్విచింగ్ యాంప్లిఫయర్, రేడియో పక్కనే పెడితే గరగర తప్పదు. దాన్ని పెట్టెలో ఒక మూలకీ, ఎఫ్‌ఎం మాడ్యూల్‌ని యాంటెన్నా ఉన్న మూలకీ నెట్టండి, స్పీకర్ వైర్లు పొట్టిగా మెలేసి ఉంచండి, యాంప్లిఫయర్ పవర్ కాళ్ల దగ్గరే 470 మైక్రోఫారడ్ కెపాసిటర్ పెట్టండి. యాంటెన్నా దాదాపు 75 సెంటీమీటర్ల దాకా సాగేదైతే బాగుంటుంది, 100 మెగాహెర్ట్జ్ తరంగంలో అది పావు వంతు.

ఇప్పుడు పెట్టె. ప్రతి పార్టునీ కాలిపర్‌తో మీరే కొలవండి, పార్టుకీ గోడకీ మధ్య 0.3 మిల్లీమీటర్లు వదలండి. గోడలు 2.4 మిల్లీమీటర్లుంటే చేతికి గట్టిగా తగులుతుంది, పలచగా ఉంటే స్పీకర్‌తో పాటు పెట్టె కూడా అదురుతుంది. ముందు భాగాన్ని బోర్లా ప్రింట్ చేయండి, స్పీకర్ ముందుండే జాలీ శుభ్రంగా వస్తుంది. స్పీకర్ చుట్టూ సందు లేకుండా సన్నటి ఫోమ్ అతికించండి, లేకపోతే వెనక నుంచి వచ్చే శబ్దం ముందుదాన్ని మింగేసి బేస్ పోతుంది. ప్రింటింగ్‌కి వాడే ప్లాస్టిక్కుల్లో పీఎల్‌ఏ దాదాపు 60 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది, ఎండలో ఆపిన కారులో వదిలితే వంకరపోతుంది, కాబట్టి పీఈటీజీ మేలు.

రూపం ఎలా ఉండాలన్నది మీ ఇష్టం. నా మనసు మాత్రం 1954లో వచ్చిన రీజెన్సీ టీఆర్-1 మీదే ఉంది, మార్కెట్లోకి వచ్చిన తొలి ట్రాన్సిస్టర్ రేడియో, లోపల నాలుగే ట్రాన్సిస్టర్లు, ముఖం మీద పెద్ద గుండ్రటి డయల్. మనకీ గుండ్రటి డయలే సుఖం, ముల్లుని నేరుగా పొటెన్షియోమీటర్ కాడకే బిగించొచ్చు, దారాలూ చక్రాలూ అక్కర్లేదు. నాబ్ 45 మిల్లీమీటర్ల వెడల్పు ఉండనివ్వండి. కాడ తిరిగేది దాదాపు 270 నుంచి 300 డిగ్రీలే, చిన్న నాబ్‌తో స్టేషన్ మీద ఆగడం కష్టం. డయల్ వెనక పసుపు ఛాయ ఎల్‌ఈడీ పెడితే రాత్రిపూట చాలా బాగుంటుంది, కానీ వెలుగు తగ్గించడానికి పీడబ్ల్యూఎం (ఎల్‌ఈడీని వేగంగా ఆర్పి వెలిగించే పద్ధతి) వాడకండి, అది స్పీకర్లో కూతలా వినిపిస్తుంది. పెద్ద రెసిస్టర్ వేస్తే చాలు.

డయల్ మీద అంకెలు ముందే ప్రింట్ చేయకండి. తెల్ల కాగితం గుండ్రంగా కత్తిరించి పెట్టి, అంతా బిగించాక, తెలిసిన స్టేషన్ ఒక్కొక్కటీ పట్టుకుంటూ ముల్లు ఆగినచోట పెన్సిల్‌తో గీత పెట్టండి. పొటెన్షియోమీటర్ చివర్లలో కాస్త నిద్రపోతుంది, తిప్పినా రీడింగ్ మారదు, లెక్కప్రకారం గీసిన స్కేలు అక్కడ తప్పుతుంది. ఆ గీతల్ని చూసి కొత్త డయల్ గీసుకుని, దానిపై పారదర్శకమైన అక్రిలిక్ ముక్క బిగించండి.