షెంజెన్ దేశాల్లో 90 రోజులను సరిగ్గా లెక్కపెట్టుకోవడం ఎలా?

యూరప్‌లో ఉంటున్న పిల్లల దగ్గరికి వెళ్లే తల్లిదండ్రులకూ, సదస్సులకో వ్యాపార పనులకో తరచూ వెళ్లివచ్చే వారికీ, ఒకే ప్రయాణంలో నాలుగైదు దేశాలు చూసి రావాలనుకునే వారికీ వర్తించే ప్రధాన నియమం ఒక్కటే: ఏ 180 రోజుల వ్యవధిని తీసుకున్నా, అందులో షెంజెన్ ప్రాంతంలో, అంటే తమ మధ్య సరిహద్దు తనిఖీలు తొలగించుకున్న యూరప్ దేశాల సమూహంలో, గడిపిన రోజులు 90కి మించకూడదు. వినడానికి ఇంత తేలికైన నియమాన్ని చాలామంది "ఆరు నెలలకు మూడు నెలలు" అని కుదించి గుర్తుపెట్టుకుంటారు. ఇబ్బందులు మొదలయ్యేది అక్కడే. చట్టాన్ని ఉల్లంఘించాలనే ఉద్దేశం ఏ మాత్రం లేని వారు కూడా లెక్క తప్పిన కారణంగా, గడువు దాటి ఉన్నవారుగా నమోదవుతున్నారు. కాస్త ఓపికగా నేర్చుకుంటే ఈ లెక్క ఎవరికైనా వచ్చేస్తుంది. నేర్చుకోవలసిన అవసరం మాత్రం ఇప్పుడు మరింత పెరిగింది.

ముందుగా మనసులో స్థిరపరచుకోవలసిన సంగతి ఏమిటంటే, ఈ లెక్క వరకు షెంజెన్ ప్రాంతమంతా ఒకే దేశం. 1985 జూన్ 14న లక్సెంబర్గ్‌లోని షెంజెన్ గ్రామం దగ్గర ఫ్రాన్స్, జర్మనీ, బెల్జియం, నెదర్లాండ్స్, లక్సెంబర్గ్ కుదుర్చుకున్న ఒప్పందం 1995 మార్చి 26 నుంచి ఆచరణలోకి వచ్చింది. ఇరుగుపొరుగు దేశాలు తమ మధ్య సరిహద్దు తనిఖీలను తొలగించుకుని, బయటి సరిహద్దును అందరి తరఫునా కాపాడుకోవాలన్నది దాని సారాంశం. నేడు ఇందులో 29 దేశాలున్నాయి. వీటిలో 25 యూరోపియన్ యూనియన్ సభ్య దేశాలు కాగా, నార్వే, ఐస్‌లాండ్, స్విట్జర్లాండ్, లీక్టెన్‌స్టైన్ యూనియన్‌లో లేకపోయినా షెంజెన్‌లో ఉన్నాయి. ఐర్లండ్, సైప్రస్ యూనియన్‌లో ఉన్నా షెంజెన్‌లో లేవు. క్రొయేషియా 2023 జనవరి 1న చేరింది. బల్గేరియా, రొమేనియాల భూ సరిహద్దుల్లో తనిఖీలు 2025 జనవరి 1 నుంచి ఎత్తివేశారు కాబట్టి, పాత జాబితాలు చూసి ఆ రెండు దేశాల్లో గడిపే రోజులు లెక్కలోకి రావనుకోవడం ఇప్పుడు ప్రమాదకరం. పారిస్‌లో 60 రోజులు ఉండి, తరువాత రోమ్‌లో మరో 60 రోజులు ఉండవచ్చా అని అడిగే వారికి సమాధానం ఇక్కడే దొరుకుతుంది: ఉండకూడదు, ఎందుకంటే రెండూ కలిపి 120 రోజులు అవుతాయి.

వీసాకు ఏ దేశానికి దరఖాస్తు చేయాలన్నది కూడా ఇదే ఉమ్మడి చట్టం నిర్ణయిస్తుంది. ఎక్కువ రోజులు ఏ దేశంలో గడుపుతారో ఆ దేశానికి దరఖాస్తు చేయాలి. రెండు మూడు దేశాల్లో సమానంగా గడిపేటట్లయితే, ముందుగా ఏ దేశపు సరిహద్దు దాటి లోపలికి వెళతారో ఆ దేశానికి చేయాలి. ఫలానా దేశం త్వరగా వీసా ఇస్తుందన్న మాట విని, అక్కడ ఒక్క రాత్రి గడిపేలా కాగితం మీద ప్రయాణాన్ని అల్లడం మంచిది కాదు. దరఖాస్తులు, వేలిముద్రలు, తిరస్కరణలు అన్నీ వీసా సమాచార వ్యవస్థ ద్వారా అన్ని షెంజెన్ దేశాలకూ కనిపిస్తాయి. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు చేయవచ్చు; కనీసం 15 రోజుల ముందు చేయాలి. పెద్దలకు రుసుము 90 యూరోలు. వైద్య బీమా కనీసం 30,000 యూరోలకు ఉండాలి. పాస్‌పోర్టు గత పదేళ్లలో జారీ అయినదై, తిరుగు ప్రయాణం తరువాత కనీసం మూడు నెలల పాటు చెల్లుబాటులో ఉండాలి.

వీసా చేతికి వచ్చాక దాని మీద మూడు విషయాలు చదవాలి. మొదటిది చెల్లుబాటు వ్యవధి, అంటే ఏ తేదీ నుంచి ఏ తేదీ లోపల ఆ వీసాను వాడుకోవచ్చు అన్నది. రెండవది అనుమతించిన రోజుల సంఖ్య. మూడవది ఎన్నిసార్లు ప్రవేశించవచ్చు అన్నది. మొదటి రెండింటినీ ఒకటిగా భావించడం చాలా తరచుగా జరిగే పొరపాటు. సాధారణంగా చెల్లుబాటు వ్యవధిలో 15 రోజులు అదనంగా కలిపి ఇస్తారు. ప్రయాణం ముందుకో వెనక్కో జరిగితే సర్దుకోవడానికి ఇచ్చే వెసులుబాటే తప్ప, అది ఆ 15 రోజులూ అక్కడ ఉండిపోవడానికి ఇచ్చే అనుమతి కాదు. వీసా మీద 30 రోజులని ఉండి, చెల్లుబాటు 45 రోజులున్నప్పుడు ఉండగలిగేది 30 రోజులే. ఒక్క ప్రవేశానికే ఇచ్చిన వీసాతో మధ్యలో లండన్‌కో డబ్లిన్‌కో వెళితే, రోజులు ఎన్ని మిగిలి ఉన్నా ఆ వీసాతో మళ్లీ లోపలికి రాలేరు. నార్వేకే చెందినా షెంజెన్ పరిధిలో లేని స్వాల్‌బార్డ్ దీవుల విషయంలోనూ ఇదే వర్తిస్తుంది. అక్కడికి వెళ్లిరావాలనుకునే వారు కనీసం రెండు ప్రవేశాలున్న వీసా తీసుకోవాలి.

భారతీయుల కోసం 2024 ఏప్రిల్‌లో వచ్చిన వెసులుబాటు ప్రకారం, గత మూడేళ్లలో రెండు వీసాలు పొంది సక్రమంగా వాడుకున్న వారికి రెండేళ్ల బహుళ ప్రవేశ వీసా, ఆ తరువాత పాస్‌పోర్టు గడువు అనుమతిస్తే ఐదేళ్ల వీసా లభించే అవకాశం ఉంది. ఇది నిజంగా మేలు చేసే మార్పు. అయితే ఐదేళ్ల వీసా ఉన్నవారికి కూడా 90 రోజుల పరిమితి అలాగే వర్తిస్తుంది. ఇంకా చెప్పాలంటే, లెక్క తప్పే అవకాశం ఎక్కువగా ఉన్నది వారికే.

ఇక అసలు లెక్కలోకి వద్దాం. 180 రోజుల వ్యవధి జనవరితో మొదలై జూన్‌తో ముగిసేది కాదు, తొలిసారి వెళ్లిన రోజుతో మొదలయ్యేది కూడా కాదు. అది రోజుకొక అడుగు ముందుకు జరుగుతూ ఉంటుంది. మీరు షెంజెన్‌లో ఉన్న ప్రతి రోజునూ విడిగా తీసుకుని, ఆ రోజుతో కలిపి వెనక్కి 180 రోజులు చూడాలి. ఆ 180 రోజుల్లో మీరు అక్కడ ఉన్న రోజులన్నీ కలిపితే 90కి మించకూడదు. లోపలికి అడుగుపెట్టిన రోజు ఒక పూర్తి రోజు, బయటికి వచ్చిన రోజు మరొక పూర్తి రోజు. అర్ధరాత్రికి పది నిమిషాల ముందు విమానం దిగి సరిహద్దు తనిఖీ దాటినా ఆ రోజు లెక్కలోకి వస్తుంది.

ఒక ఉదాహరణను తేదీలతో సహా చూద్దాం. ఒకరు 2026 జనవరి 10న వెళ్లి ఫిబ్రవరి 28న తిరిగి వచ్చారనుకుందాం. జనవరిలో 22, ఫిబ్రవరిలో 28, మొత్తం 50 రోజులు. వారి చేతిలో 90 రోజులకు అనుమతి ఉన్న బహుళ ప్రవేశ వీసా ఉంది, మళ్లీ మే నెలాఖరున వెళ్లాలనుకుంటున్నారు. మే 29న ప్రవేశిస్తే జులై 7 నాటికి 40 రోజులు నిండుతాయి. పాత 50, కొత్త 40 కలిపి 90. జులై 8న ఇంకా అక్కడే ఉంటే, ఆ రోజు నుంచి వెనక్కి లెక్కించిన 180 రోజులు సరిగ్గా జనవరి 10న మొదలవుతాయి కాబట్టి పాత రోజుల్లో ఒక్కటి కూడా రాలిపోలేదు. మొత్తం 91 అవుతుంది. అందువల్ల జులై 7 లోపల బయటికి రావలసిందే.

అదే వ్యక్తి ఒక్క రోజు ఆగి మే 30న ప్రవేశించారనుకోండి. జులై 8 నాటికి కొత్తవి 40, పాతవి 50, మొత్తం 90. జులై 9న ఒక కొత్త రోజు చేరుతుంది, కానీ అదే రోజు జనవరి 10 వ్యవధిలోంచి జారిపోతుంది. మొత్తం మళ్లీ 90. ఆ తరువాత రోజూ ఒకటి చేరుతూ ఒకటి రాలుతూ, ఆగస్టు 27 వరకు లెక్క 90 దగ్గరే నిలిచి ఉంటుంది. అంటే మే 29న వెళ్లిన వారికి 40 రోజులు దొరికితే, మే 30న వెళ్లిన వారికి ఏకంగా 90 రోజులు దొరికాయి. టికెట్ కొనే ముందే ఈ లెక్క వేసుకోవాలని గట్టిగా చెప్పడానికి కారణం ఇదే. యూరోపియన్ కమిషన్ తన వెబ్‌సైట్‌లో ఇందుకోసం ఒక గణన సాధనాన్ని ఉచితంగా అందిస్తోంది. ముందు చేత్తో లెక్క వేసి, తరువాత అందులో సరిచూసుకోవడం మంచి పద్ధతి. వరుసగా 90 రోజులు షెంజెన్ బయట గడిపిన వారికి మాత్రం ఏ లెక్కా అవసరం లేకుండానే 90 రోజులూ కొత్తగా దొరుకుతాయి.

ఇంతకాలం పాస్‌పోర్టు మీది ముద్రలే ఈ లెక్కకు ఆధారం. 2025 అక్టోబరు 12న మొదలై దశలవారీగా అమలులోకి వచ్చిన ప్రవేశ నిష్క్రమణ వ్యవస్థ ముద్రల స్థానంలో ముఖ చిత్రాన్ని, వేలిముద్రలను, రాకపోకల తేదీలను కంప్యూటర్‌లో నమోదు చేస్తుంది. పన్నెండేళ్ల లోపు పిల్లల వేలిముద్రలు తీసుకోరు. వివరాలు మామూలుగా మూడేళ్లు ఉంటాయి. బయటికి వెళ్లినట్లు నమోదు కాకపోతే ఐదేళ్లు ఉంటాయి. పాస్‌పోర్టు తెరిస్తే తేదీలు కనిపించే రోజులు పోతున్నాయి కాబట్టి, ఒక చిన్న పుస్తకంలో రాకపోకల తేదీలు రాసుకోవడం, బోర్డింగ్ పాసులు దాచుకోవడం ఇప్పుడు మరింత అవసరం. వ్యవస్థలో తప్పు నమోదైతే దాన్ని సరిదిద్దించుకునే హక్కు మీకుంది. ఆ హక్కును వాడుకోవడానికి రుజువు కావాలి.

ఏదైనా షెంజెన్ దేశంలో చదువుకో ఉద్యోగానికో నివాస అనుమతి ఉన్నవారు ఆ దేశంలో గడిపే రోజులు ఈ లెక్కలోకి రావు. పక్క దేశాలకు వెళ్లినప్పుడు మాత్రం 180కి 90 అన్న నియమం వర్తిస్తుంది. అలా వెళ్లేటప్పుడు పాస్‌పోర్టు, నివాస అనుమతి కార్డు రెండూ వెంట ఉండాలి. లోపలి సరిహద్దుల్లో తనిఖీలు లేకపోవడం సాధారణ స్థితే అయినా, అవసరమనుకున్నప్పుడు తాత్కాలికంగా పెట్టుకునే అధికారం ప్రతి దేశానికీ ఉంది. జర్మనీ 2024 సెప్టెంబరు 16 నుంచి తన భూ సరిహద్దులన్నిటి దగ్గరా తనిఖీలు పెట్టింది.

స్వదేశానికి తిరిగి వెళితే ప్రాణాపాయమో హింసో తప్పదని నిజంగా భయపడే వారి విషయం వేరు. వారికి ఆశ్రయం కోరే హక్కు ఉంది, వీసా గడువు ముగిసినంత మాత్రాన ఆ హక్కు పోదు. కాకపోతే ఏ దేశం ఆ దరఖాస్తును పరిశీలించాలన్నది దరఖాస్తుదారు ఇష్టం మీద ఆధారపడదు. 1990లో డబ్లిన్ ఒప్పందంతో మొదలైన పద్ధతి ప్రకారం, దగ్గరి కుటుంబ సభ్యులు మరో సభ్య దేశంలో రక్షణ పొంది ఉండడం వంటి కారణాలు లేనప్పుడు, సాధారణంగా వీసా ఇచ్చిన దేశమే బాధ్యత వహిస్తుంది. డబ్లిన్ నిబంధనల స్థానంలో 2026లో అమలయ్యేలా 2024లో ఆమోదించిన కొత్త చట్టాల్లోనూ ఈ సూత్రం కొనసాగుతోంది. ఇటువంటి పరిస్థితిలో ఉన్నవారు ఏజెంట్ల మాట మీద దేశాలు మారకుండా, అక్కడి న్యాయ సహాయ సంస్థను వెంటనే సంప్రదించాలి. ఉండే రోజులు పొడిగించుకోవడానికి ఆశ్రయ దరఖాస్తును మార్గంగా సూచించే వారిని నమ్మకండి. దాని వల్ల నిజంగా రక్షణ అవసరమైన వారికీ, అలా దరఖాస్తు చేసిన వారికీ నష్టమే.

గడువు దాటితే జరిమానా, దేశం విడిచి వెళ్లాలన్న ఉత్తర్వు, షెంజెన్ అంతటా వర్తించే ప్రవేశ నిషేధం రావచ్చు. నిషేధం సాధారణంగా ఐదేళ్లకు మించదు. ఆసుపత్రిలో చేరడం, విమానాలు నిలిచిపోవడం వంటి అనివార్య కారణాలుంటే, లేదా మానవతా కారణాలుంటే, వీసాను రుసుము లేకుండా పొడిగిస్తారు. తీవ్రమైన వ్యక్తిగత కారణాలకు 30 యూరోలు తీసుకుని పొడిగించే వీలుంది. ఈ దరఖాస్తును అప్పుడు మీరున్న దేశపు అధికారులకు, డాక్టరు ధ్రువపత్రమో విమాన సంస్థ లేఖో జతచేసి, అనుమతించిన చివరి రోజు ముగియక ముందే ఇవ్వాలి.