పంట కాపలాకు తుపాకీ: లైసెన్సుకు ముందు, తరువాత

మొక్కజొన్న కంకి పాలు పోసుకునే వేళ అడవి పందుల గుంపు చేలో దిగితే, తెల్లవారేసరికి ఆరుగాలం కష్టమంతా నేలపాలవుతుంది. అందుకే అడవి అంచు పల్లెల్లో కొందరు రైతులు తుపాకీని కూడా పార, పలుగులాంటి పనిముట్టుగానే భావిస్తారు. వారి అవసరం నిజమైనదే అయినా, చట్టం ఆ దృష్టిని అంగీకరించదు. 1959 నాటి ఆయుధాల చట్టం, కేవలం ఇంటికో వ్యవసాయానికో తయారైన చేతికర్ర వంటి వస్తువులను ఆయుధాల నిర్వచనం నుంచి మినహాయించింది; తుపాకీని మాత్రం చేను కాపలాకు వాడినా ఆయుధంగానే ఉంచింది. అయితే అదే చట్టంలోని 13వ సెక్షన్, పంట రక్షణ అవసరం నిజంగా ఉన్నవారికి మూతి వైపు నుంచి మందు దట్టించే తుపాకీకి లైసెన్సు ఇచ్చే వీలు కల్పించింది. కనుక రైతు దరఖాస్తులో చూపవలసింది పంట అవసరాన్నే అయినా, తుపాకీ ఇంటికి వచ్చిన క్షణం నుంచి దానిని ఆయుధంగానే చూడాలన్నది నా దృఢమైన అభిప్రాయం.

సౌర కంచెతో, రాత్రి కాపలాతో పని జరిగేటట్లయితే తుపాకీ జోలికి వెళ్లనవసరం లేదు. కంచెకు నేరుగా కరెంటు పెట్టడం మాత్రం ఎన్నడూ మార్గం కాదు; అది మనుషుల ప్రాణాలే తీస్తోంది.

తుపాకీ తప్పదనుకుంటే, 21 ఏళ్లు నిండినవారు నిర్ణీత ఫారంలో కలెక్టరుకు, కమిషనరేట్ పరిధిలోనైతే పోలీసు కమిషనరుకు దరఖాస్తు చేసుకోవాలి. పట్టాదారు పాసుపుస్తకం నకలు, పంట నష్టంపై లోగడ ఇచ్చిన ఫిర్యాదుల ప్రతులు జతచేస్తే అవసరాన్ని నిరూపించడం తేలికవుతుంది. ఆపై పోలీసు విచారణ ఉంటుంది. 2019 సవరణ తరువాత లైసెన్సు గడువు 5 ఏళ్లు.

లైసెన్సు చేతికి వచ్చినంత మాత్రాన జంతువును చంపే హక్కు రాదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం దానికి అధీకృత అధికారి అనుమతి వేరుగా తీసుకోవాలి.

మూతి వైపు నుంచి దట్టించే ఈ రకం తుపాకీలో మందు ఉందో లేదో పైకి చూసి చెప్పలేము. అందువల్ల ఖాళీగా ఉన్నప్పుడే దట్టించే కడ్డీని గొట్టంలోకి అడుగంటా దించి, మూతి దగ్గర కడ్డీపై గాటు పెట్టుకోవాలి. తరువాత ఎప్పుడు పరీక్షించినా ముందుగా టోపీని (దెబ్బ తగలగానే నిప్పు పుట్టించి మందును అంటించే చిన్న లోహపు మూతను) తీసివేసి, ముఖాన్ని, అరచేతిని గొట్టం మూతికి ఎదురుగా రానీయకుండా కడ్డీని దించాలి. గాటు మూతికి పైనే ఆగితే లోపల మందు ఉన్నట్లే. మందును, టోపీలను తుపాకీతో కలిపి కాకుండా వేరే పెట్టెలో తాళం వేసి ఉంచాలి.

పెళ్లి ఊరేగింపులో సరదాగా పేల్చి ఇతరుల ప్రాణాలకు ముప్పు తెస్తే 2 ఏళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. పొరుగు రైతు ఎంత ఆప్తుడైనా ఒక్క రాత్రికి కూడా అరువివ్వకూడదు. ఎన్నికల వేళ అధికారులు ఆదేశిస్తే స్టేషన్‌లో అప్పగించి రసీదు తీసుకోవాలి. సాగు మానుకున్నా, గడువు ముగిశాక పునరుద్ధరణ వద్దనుకున్నా, తుపాకీని అటకెక్కించకుండా వెంటనే సమీప పోలీసు స్టేషన్‌లో జమ చేయాలి.