పచ్చళ్ల వ్యాపారంలో దేవుడికీ మనిషికీ లెక్క తప్పకుండా ఉండాలంటే

మామిడికాయ మార్కెట్లోకి రాకముందే, అంటే ఫిబ్రవరిలోనో మార్చిలోనో, ఒక నోట్‌బుక్ తీసుకుని, ఎంత నష్టం వచ్చినా మీరు చేయని పనులు ఏవో రాసి పెట్టుకోండి. ముందే ఎందుకంటే, ఏప్రిల్ నెలాఖరుకి కాయ ధర, నూనె ధర, కూలీలు, ఆర్డర్లు అన్నీ ఒక్కసారే మీద పడతాయి. ఆ టెన్షన్‌లో కూర్చుని ఏది ధర్మం, ఏది కాదు అని ఆలోచిస్తే మనసు డబ్బు వైపే తీర్పు చెబుతుంది. నాకు అలాగే చెప్పింది. మొదలుపెట్టిన రెండో ఏడు నూనె బాగా పెరిగిపోతే, నువ్వుల నూనెలో సగం పామాయిల్ కలిపి, సీసాకి పాత లేబులే అంటించాను. ఎవరూ కనిపెట్టలేదు. రోజూ పొద్దున్నే దీపం పెడుతూనే ఆ పని చేశాను, అదే నన్ను ఇప్పటికీ ఎక్కువ బాధపెడుతుంది.

ఇప్పుడు నా నోట్‌బుక్‌లో మొదటి మాట ఇది: దేవుడి ముందు పెట్టలేనిది సీసాలో నింపను. భక్తి మాటలా వినిపిస్తుంది కానీ పనిలో దీనికి కచ్చితమైన అర్థం ఉంది. కారంలో రంగు లేదని తెలిసి ఉండాలి కాబట్టి పొడి కొనను, గుంటూరు నుంచి ఎండుమిర్చి తెప్పించి ఆడిస్తాను. దెబ్బ తగిలిన కాయ, కింద రాలిన కాయ ముక్కల్లో కలపను. దినుసులు బరువు ఎక్కువున్నదాని నుంచి తక్కువున్నదానికి వరుసగా లేబుల్ మీద రాయాలని ఆహార భద్రత నియమాలే చెబుతున్నాయి, కాబట్టి నూనెల్లో పామాయిల్ ఎక్కువుంటే దాని పేరే ముందు రావాలి, పైన నువ్వుల బొమ్మ వేసి దాటేయకూడదు. ఎలక్ట్రానిక్ కాటాకి ఏటా తూనికలు కొలతల శాఖ ముద్ర వేయించండి. నైవేద్యం రుచి చూడకుండా పెట్టాలి కదా, అందుకని సీజన్‌లో మొదటిసారి కలిపినప్పుడు ఒక గిన్నె ముందే పక్కకు తీసి, ఆ తర్వాతే ఉప్పు చూస్తాం. మీరు క్రైస్తవులో ముస్లింలో అయితే, ఈ సీసాలో ఏముందో ప్రార్థనలో దాచకుండా చెప్పగలనా అని అడిగి చూసుకోండి, అదే పరీక్ష.

ఇక అసలు కష్టమైన విషయం. ముట్టులో ఉన్న ఆడవాళ్లు తాకితే పచ్చడి పాడైపోతుందని మా అమ్మమ్మ గట్టిగా నమ్మేది, నేనూ నమ్మాను. ఇంట్లో ఉన్నంతకాలం అది మా ఇంటి సంగతి. యూనిట్ పెట్టాక తొమ్మిది మంది ఆడవాళ్లు పనికి వచ్చారు, నెలకి నాలుగు రోజులు రావద్దంటే నాలుగు రోజుల కూలి పోతుంది, పోనీ చెప్పకుండా వస్తే ఆ మనిషి భయపడుతూ పనిచేస్తుంది, పైగా నెలసరి ఎప్పుడని అందరి ముందూ అడగడం ఎంత అవమానం. అందుకని రెండేళ్లపాటు పాడైన ప్రతి జాడీకీ కారణం రాస్తూ వచ్చాను. తడి గరిటె. కడిగాక సరిగా తుడవని కాయ. ఉప్పు చాలకపోవడం. ముక్క మునిగేలా పైన నూనె తేలకపోవడం. ఇంకో కారణం ఒక్కసారి కూడా దొరకలేదు. ఆ ఆచారాన్ని ఆపేశాను, దాని బదులు ఎవరైనా సరే పొడి చేతులతో, పొడి గరిటెతోనే జాడీ దగ్గరికి రావాలని నియమం పెట్టాను. మా అత్తగారు కొన్నాళ్లు మా పచ్చడి తినలేదు, తినమని నేను బలవంతం చేయలేదు. మీరూ మీ ఆచారాలను ఇలాగే ఒక్కొక్కటిగా చూసుకోండి. ఉపవాసం ఉంటే ఆకలి నాది, దీక్ష తీసుకుంటే నేల మీద పడుకునేది నేను. ఆ బరువు ఎదుటి మనిషి కూలి మీదకి వెళ్తుంటే ఆ ఆచారాన్ని గుమ్మం బయట ఉంచండి.

పనివాళ్ల నమ్మకాలకి కూడా చోటు ముందే చూసుకోవాలి. 2021లో, 2022లో రంజాన్ నెల సరిగ్గా ఆవకాయ సీజన్‌లో పడింది. మా దగ్గర ఉప్పు, కారం అందరికంటే బాగా పట్టగలిగే ఆమె ఉపవాసంలో ఉంది. "అక్కా, నాలుక మీద పెట్టి ఉమ్మేస్తాలే" అంది. వద్దన్నాను, రుచి చూసే పని ఇంకొకరికి నేర్పించాం, ఆమె పొద్దున ఏడింటికే వచ్చి మూడింటికి వెళ్లిపోయేది. ఇప్పుడు ఉగాది రోజునే ఒక్కొక్కరినీ వాళ్లకి ముఖ్యమైన నాలుగు రోజులు అడిగి క్యాలెండర్‌లో గుర్తు పెడతాను. అయ్యప్ప మాల వేసుకునే డ్రైవర్‌కి 41 రోజులు మధ్యాహ్నం భోజనానికి ఇంటికి వెళ్లే వీలు ఉండేలా రూటు మారుస్తాను.

దానం సంగతికొస్తే, మిగిలితే ఇద్దాం అనుకుంటే ఎప్పటికీ మిగలదు. ముస్లింలకి జకాత్ 2.5 శాతమని, క్రైస్తవులకి దశమభాగమని లెక్క ఉంది, మనకి అలా అందరూ పాటించే ఒక్క లెక్క లేదు కాబట్టి మీరే పెట్టుకోండి. నేను సీసాకి రూపాయి చొప్పున వేరే బ్యాంకు ఖాతాలో వేస్తాను. నగదుగా 2,000 రూపాయలు దాటి విరాళం ఇస్తే పన్ను మినహాయింపు రాదు, బ్యాంకు ద్వారానే ఇవ్వండి. అయితే హుండీలో వేయడం కంటే ధరల పట్టికలోనే ధర్మం ఉండటం మేలని నా అభిప్రాయం. మధురైలో 1976లో డాక్టర్ గోవిందప్ప వెంకటస్వామి 11 పడకలతో కంటి ఆసుపత్రి పెట్టి, తను నమ్మిన శ్రీ అరవిందుల పేరే దానికి పెట్టుకున్నారు. కట్టగలిగినవాళ్ల ఫీజులతోనే కట్టలేనివాళ్లకి ఆపరేషన్లు జరిగేలా నడిపారు. నేను చేయగలిగింది చాలా చిన్నది, 100 గ్రాముల ప్యాకెట్‌కి కూడా కిలో సీసా లెక్కలోనే, అంటే కిలో ధరలో పదో వంతే ధర పెడతాను, ఎందుకంటే రోజు కూలీకి వెళ్లేవాళ్లు కొనేది ఆ ప్యాకెట్టే.

బాకీలు కూడా ఇందులోకే వస్తాయి. ఒక పెద్ద దుకాణం నా డబ్బు నాలుగు నెలలు ఆపితే, ఆ కోపం నేను కారం మిల్లు అతని మీద చూపించాను, అతని డబ్బు ఆపాను. ఉద్యమ్‌లో, అంటే చిన్న సంస్థల కోసం ప్రభుత్వం పెట్టిన రిజిస్ట్రేషన్‌లో, నమోదైన చిన్న సంస్థకి రాతపూర్వక ఒప్పందం ఉన్నా 45 రోజులు దాటకుండా, ఒప్పందం లేకపోతే 15 రోజుల్లో కట్టాలని చట్టం. నేను వారం పెట్టుకున్నాను.

చివరగా ఈ నోట్‌బుక్ మీ ఒక్కరి దగ్గరే ఉంచుకోకండి. బయటి మనిషి ఒకరికి చూపించి, అడిగే హక్కు ఇవ్వండి. నేను మా అకౌంటెంట్‌గారికి ఇచ్చాను, నూనె బిల్లులన్నీ ఆయన చేతుల మీదుగానే వెళ్తాయి కాబట్టి. ఏప్రిల్‌లో రెండుసార్లు, మేలో రెండుసార్లు ఆయనే ఫోన్ చేసి, ఈసారి నూనె ఏం కొన్నారమ్మా అని అడుగుతారు, బిల్లులు ముందు పెట్టుకుని చదివి వినిపిస్తాను.